తడిలో పట్టే జిగురు



2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన మలేషియా విమానం ఎంహెచ్ 370, లోపలున్న 239 మందితో సహా ఆచూకీ లేకుండా పోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాది జులై చివర్లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఒడ్డుకు విమానపు రెక్క భాగం ఒకటి కొట్టుకొచ్చింది. అది ఆ విమానానిదేనని తర్వాత తేలింది. ఆ ముక్క ఒంటరిగా రాలేదు. దాన్ని పట్టుకుని కొన్ని ప్రాణులు కూడా వచ్చాయి. మెత్తటి కాడ, కాడ చివర తెల్లటి పెంకులు ఉన్న బార్నకిల్స్ అవి. సముద్రంలో తేలే దుంగలకూ సీసాలకూ తెగిపోయిన వలలకూ అంటుకుని బతికే జాతి.

బార్నకిల్ పెంకు పొరలు పొరలుగా పెరుగుతుంది. ఒక పొర ఏర్పడిన రోజున నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో ఆ పొరలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని బట్టి చెప్పవచ్చు. అలా చదువుకుంటూ పోతే ఆ రెక్క ముక్క ఏయే నీళ్ల మీదుగా వచ్చిందో వెనక్కి లెక్కగట్టవచ్చని దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఒక పద్ధతిని ప్రచురించారు. అన్నిటికన్నా పెద్ద పెంకులు, అంటే అన్నిటికన్నా ముందు అతుక్కున్నవి, అప్పటికి వాళ్ల చేతికి రాలేదు. అందువల్ల విమానం కూలిన చోటు దాకా లెక్క సాగలేదు. రాడార్లూ ఉపగ్రహాలూ తేల్చలేని విషయానికి రొయ్య జాతి ప్రాణి ఒకటి సాక్షి అయింది.

ఆ వార్తలో నన్ను ఆపింది వేరే సంగతి. అది విమానపు రెక్క. గాలి కూడా తట్టుకోకుండా జారిపోవాలని నున్నగా తీర్చి రంగు వేసిన వస్తువు. దాని మీద, అలల మధ్య, ఉప్పునీళ్లలో, బియ్యపు గింజంత కూడా లేని ఒక పిల్ల ప్రాణి వచ్చి పట్టు సంపాదించింది. చేతులు లేవు, గోళ్లు లేవు. ఉన్నదల్లా జిగురు. ఆ జిగురు గురించే ఈ పూట నాలుగు మాటలు.

జిగురు పని ఎంత కష్టమో తెలియాలంటే సైకిల్ షాపులో పంక్చర్ వేసే మనిషిని చూడాలి. ట్యూబు తుడుస్తాడు, గరుకు కాగితంతో రాస్తాడు, మళ్లీ తుడుస్తాడు, సొల్యూషన్ పూసి కాసేపు ఆరనిస్తాడు, ఆ తర్వాతగానీ అతుకు వెయ్యడు. మధ్యలో తడి చెయ్యి తగిలిందా, పని మళ్లీ మొదటికి వస్తుంది. కారణం చిన్నదే. బంక ఏదైనా సరే, పనిచెయ్యాలంటే దాని అణువులు వస్తువు అణువులకు పూర్తిగా ఆనుకోవాలి. మధ్యలో నీటి పొర ఉంటే బంక నీళ్లకు అంటుకుంటుంది, వస్తువుకు కాదు. రాయికి నీళ్లంటే మహా మక్కువ. సముద్రంలో ఉన్న రాయి మీద నీటి పొర ఎప్పుడూ ఉంటుంది. ఆ నీటితో పాటు ఉప్పులోని అయాన్లు కూడా రాతి ముఖాన్ని కప్పేసి కూర్చుంటాయి. పోనీ ద్రవంగా ఉన్న జిగురును బయటికి వదిలితే, గట్టిపడేలోపే నీళ్లలో కరిగి కొట్టుకుపోతుంది. కరిగిపోకూడదని ముందే గట్టిగా ఉంచితే రాతి సందుల్లోకి పాకదు. సముద్రంలో జిగురు అంటే సగానికి సగం నీళ్లను తప్పించే విద్య. ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత చెయ్యాలి అన్నదే దాని కిటుకంతా. సముద్రంలోని వెన్నెముక లేని ప్రాణులు ఈ వరసను ఎవరికి వారు వేరువేరుగా కనిపెట్టుకున్నాయి.

ముందు బార్నకిల్ సంగతి చూద్దాం. రెక్క మీద వచ్చింది కాడ ఉన్న రకం. విశాఖలో, భీమిలిలో ఆటు వేళ బయటపడే రాళ్ల మీద, అరికాళ్లు కోసేలా గరుకుగా, చిన్న చిన్న శిఖరాల్లా కనిపించేవి కాడ లేని రకం. రెండూ ఒకే వంశం. చూస్తే నత్తల చుట్టాలనిపిస్తాయి. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు వీటి పిల్లలను పెంచి చూసి, ఇవి రొయ్యల, పీతల కోవకు చెందినవని బయటపెట్టాడు. అంతకుముందు ఐరోపాలో ఇంకా చోద్యమైన నమ్మకం ఉండేది. కాడ ఉన్న బార్నకిల్స్ నుంచి ఒక రకం బాతులు పుడతాయని 12వ శతాబ్దంలో పెద్దవాళ్లే రాశారు. మాంసం తినకూడని ఉపవాస దినాల్లో ఆ బాతును చేప కింద లెక్కగట్టి కొందరు మతగురువులు హాయిగా తినేవారట. కడుపు కోసం శాస్త్రాన్ని వంచడం ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు.

తర్వాత వచ్చినవాడు చార్లెస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం చేతిలో పెట్టుకుని, దాన్ని అచ్చు వెయ్యకుండా, 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు బార్నకిల్స్ మీద కూర్చున్నాడు. వాళ్ల ఇంట్లో పిల్లలకు తండ్రి అంటే బార్నకిల్స్ కోసేవాడనే లెక్క. పక్కింటి పెద్దమనిషి గురించి వాళ్లలో ఒకరు, ‘మరి ఆయన తన బార్నకిల్స్ ఎక్కడ చేసుకుంటాడు?’ అని అడిగారని చెప్పుకుంటారు. నెమ్మదిగా నడిచే ఓడలోని నావికుడికన్నా తనకే ఈ ప్రాణి మీద ఎక్కువ విరక్తి పుట్టిందని ఆయన 1852లో ఒక ఉత్తరంలో మొరపెట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే రాయల్ సొసైటీ పతకం ఇచ్చింది, ముఖ్యంగా ఈ పనికే. సిమెంటు ఊరే గ్రంథులను ఆయన గుర్తించాడు. కానీ అవి అండాశయం మారిపోయి ఏర్పడినవని అనుకున్నాడు. అది తప్పని తర్వాతివాళ్లు తేల్చారు.

బార్నకిల్ పిల్ల గుడ్డు నుంచి వచ్చాక ఆరు దశలు ఈదుతూ, తింటూ పెరుగుతుంది. ఆ తర్వాతి దశ పేరు సైప్రిడ్. దానికి తిండి తినే పని లేదు. నిలవ చేసుకున్న కొవ్వుతోనే బతుకుతుంది. ఆ కొవ్వు అయిపోయేలోగా జీవితాంతం ఉండే చోటు వెతుక్కోవాలి. తల ముందు రెండు స్పర్శశృంగాలు, వాటి చివర చిన్న బిళ్లలు. వాటితో రాతి మీద అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంది. ప్రతి అడుగుకూ రవ్వంత తాత్కాలిక జిగురు వదులుతుంది. నచ్చకపోతే ఊడదీసుకుని పోతుంది, జిగురు అడుగుజాడగా మిగిలిపోతుంది. ఆ జాడల్లోని ప్రోటీన్‌ను వెనక వచ్చే పిల్లలు పసిగట్టి అక్కడికే చేరతాయి. ఒక రాతి మీద ఒత్తుగా, పక్కదాని మీద ఖాళీగా ఉండటానికి ఇదొక కారణం. పెద్దయ్యాక కదలలేవు, జతకు పొరుగువాడే దిక్కు. అందుకని ఒంటరి కాపురం వీటికి పనికిరాదు.

చోటు నచ్చిందనుకోండి. అప్పుడు అసలు సిమెంటు బయటికి వస్తుంది. అందులో రెండు భాగాలున్నట్టు 2014లో అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. మొదట నూనె జాతి కొవ్వు వస్తుంది. అది రాతి మీది నీళ్లను పక్కకు నెట్టి చోటు చేస్తుంది. దాని చాటున ప్రోటీన్ దిగి రాతిని పట్టుకుంటుంది. నీళ్లను తప్పించే వరస ఇదే. పని అయ్యాక ఆ ప్రాణి తలకిందులుగా, నెత్తి రాతికి అతికి, కాళ్లు పైకి పెట్టి ఉండిపోతుంది. చుట్టూ సున్నపు గోడ కట్టుకుని, కాళ్లతో నీళ్లలోని తిండిని నోట్లోకి తోసుకుంటుంది. ఇక ఆ ఇల్లు విడిచేది లేదు. చచ్చిపోయాక కూడా దాని అడుగు బిళ్ల రాతి మీద చాలాకాలం తెల్లటి చుట్టలా మిగులుతుంది.

కాడ ఉన్న రకాల్లో ఒకటి ఈ సిమెంటుతో ఇంకో విద్య నేర్చింది. దాని శాస్త్రీయ నామం డోసిమా. పిల్లగా ఉన్నప్పుడు ఏ ఈకకో, నాచు ముక్కకో అతుక్కుంటుంది. బరువు పెరిగి ఆ ఆధారం మునిగిపోయే సమయానికి అదే సిమెంటును గాలి బుడగలతో నురుగులా వదిలి తన తెప్ప తానే కట్టుకుంటుంది. జిగురుతో పడవ చేసుకున్న ప్రాణిని నేను ఇంకొకదాన్ని ఎరగను.

ఇప్పుడు ఆలిచిప్ప దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఇదే అసలైన పనిమంతురాలు. మన తీరాల్లో దొరికే పచ్చ ఆలిచిప్పను కేరళ వాళ్లు కల్లుమ్మక్కాయ అంటారు. మలబారులో బియ్యప్పిండి కూరి వండుకుంటారు. వండే ముందు చిప్ప సందులోంచి బయటికి వచ్చిన గడ్డం లాంటి పీచును లాగి పారేస్తారు. శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నది ఆ పారేసే పీచు మీదే.

ఆలిచిప్పకు నాలుక లాంటి పాదం ఒకటి ఉంటుంది. అది బయటికి చాపి రాతిని తడుముతుంది. పాదం కింద పొడుగాటి గాడి, గాడి చివర చిన్న గుంట. పాదం చివరను రాతికి నొక్కి, గుంటలోని నీళ్లను బయటికి తోసేస్తుంది. ఖాళీ అయిన గుంటలోకి జిగురు ప్రోటీన్లను వదులుతుంది. గాడి పొడుగునా కొలాజెన్ లాంటి పదార్థం పోస్తుంది. దాని మీద ఇంకో గ్రంథి నుంచి గట్టి పూత. అచ్చులో పోసిన ఈ దారం కొన్ని నిమిషాల్లో సిద్ధం. పాదం వెనక్కి తీసుకుంటే రాతి మీద చిన్న బిళ్ల, బిళ్ల నుంచి ఆలిచిప్ప దాకా సన్నటి దారం. మళ్లీ పాదం చాపి ఇంకొకటి, ఇంకొక వైపు మరొకటి. పదుల కొద్దీ దారాలతో తనను తాను కట్టేసుకుంటుంది. శరీరం వైపు దారం సాగుతుంది, రాతి వైపు బిరుసుగా ఉంటుంది. అల వచ్చి కొట్టినప్పుడు ఆ సాగుడే దెబ్బను మింగుతుంది. నచ్చకపోతే దారాలన్నీ వదిలేసి, ఇంకో చోటికి జరిగి, మళ్లీ మొదలుపెట్టగలదు. బార్నకిల్ చెయ్యలేని పని ఇది. ఐరోపా తీరాల్లో వీటిని తినడానికి వచ్చే నత్తలను చుట్టుపక్కల ఆలిచిప్పలు తలా ఒక దారం వేసి రాతికి కట్టేస్తాయి. నత్త అక్కడే ఆకలితో చస్తుంది.

ఈ జిగురులో ఏముందో 1981లో అమెరికాలో హెర్బర్ట్ వెయిట్ అనే జీవరసాయన శాస్త్రవేత్త బయటపెట్టాడు. మామూలు ప్రోటీన్లలో కనిపించని ‘డోపా’ అనే అమైనో ఆమ్లం ఇందులో విరివిగా ఉంది. ఒక వలయం, దాని పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలు. రాతిని తాకే చోట ఉండే ఒక ప్రోటీన్‌లో ప్రతి వంద అమైనో ఆమ్లాలకు దాదాపు ముప్ఫై ఇవే. ఆ రెండు హైడ్రాక్సిళ్లూ రాతిలోని లోహ పరమాణువులను పట్టుకుంటాయి. పక్కనే లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. దాని పని ముందు నడిచి, రాతి మీద తిష్టవేసిన ఉప్పు అయాన్లను లేపడం. చోటు ఖాళీ అయ్యాక డోపా కూర్చుంటుంది. ఈ జోడీ పనితనం 2015లో తేలింది. ఇక్కడా అదే వరస, ముందు ఖాళీ చెయ్యడం, తర్వాత పట్టడం.

డోపా మనకు కొత్తదేమీ కాదు. పార్కిన్సన్స్ జబ్బుకు డాక్టర్లు రాసే ఎల్-డోపా ఇదే అణువు. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి ఉంది చూశారూ, దాని గింజల్లోనూ ఉంది. అయితే ఆలిచిప్పలో అది ప్రోటీన్ గొలుసులో కలిసిపోయి ఉంటుంది. కల్లుమ్మక్కాయ తింటే వణుకు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇందులో ఒక పేచీ ఉంది. వంకాయ కోసి గాలికి వదిలితే నల్లబడుతుంది కదా. అందులోని ఫినాల్ పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి క్వినోన్లుగా మారతాయి. డోపా కూడా సముద్రపు నీళ్లలో అలాగే మారిపోతుంది. అలా మారితే లోపలి ప్రోటీన్లు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి, మంచిదే. కానీ రాతిని తాకే చోట మారితే పట్టు సడలుతుంది. ఒకే అణువు ఒక చోట మారాలి, ఇంకో చోట మారకూడదు. ఆలిచిప్ప దీనికి రెండు ఉపాయాలు చేసింది. పాదం కింద ఉన్నంతసేపూ లోపల ఆమ్లం ఉంచుతుంది. ఆమ్లంలో డోపా త్వరగా మారదు. పైగా గంధకం ఉన్న ఇంకో ప్రోటీన్‌ను కలుపుతుంది. మారిపోయిన డోపాను అది వెనక్కి తెస్తుంది. పాదం ఎత్తాక క్షారగుణం ఉన్న సముద్రపు నీళ్లు తగిలి మిగతాదంతా గట్టిపడుతుంది. దారం పైపూతలోకి ఇనుము కూడా చేర్చుకుంటుంది. డోపా, ఇనుము కలిసి వేసే ముడులు తెగినా మళ్లీ పడతాయి. అందుకే ఆ పూత గట్టిగా ఉంటూనే చాలా సాగుతుంది. మనం చేసే పదార్థాల్లో గట్టివి సాగవు, సాగేవి గట్టిగా ఉండవు. రెండూ కుదర్చడం దీనికే చెల్లింది.

ఇంతగా పొగిడాక రెండో వైపు కూడా చెప్పాలి. ఈ పట్టు మనిషికి చాలా ఖరీదైంది. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రానికి చల్లబరిచే నీళ్లు సముద్రం కింద అర కిలోమీటరు దాకా సాగే సొరంగంలోంచి వస్తాయి. ఆ సొరంగం గోడలకు పచ్చ ఆలిచిప్పలు వందల టన్నులు పేరుకున్నాయి. ఆగకుండా పారే తాజా నీళ్లు, నీళ్లతో వచ్చే తిండి, శత్రువుల బెడద తక్కువ. వాటికి అంతకన్నా ఏం కావాలి? క్లోరిన్ వాడకం అక్కడ నిత్యకృత్యం అయింది.

మన విశాఖపట్నం రేవు కథ ఇంకా చిత్రమైనది. కరీబియన్ సముద్రపు మధ్య అమెరికా తీరాల్లో పుట్టి పెరిగే ఒక చిన్న ఆలిచిప్ప జాతి ఉంది. మైటిలాప్సిస్ సాల్లీ అంటారు. అది ఏదో ఓడ అడుగు పట్టుకుని 1960లలో విశాఖ రేవుకు చేరింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రానికి పునాది వేసిన ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు దాన్ని గుర్తించి 1971లో ప్రకటించారు. భారతదేశంలో అది మొదటిసారి నమోదైంది ఇక్కడే. ఆ తర్వాత ముంబయి రేవుల్లోనూ కనిపించింది. అదే ప్రాణి 1999లో ఆస్ట్రేలియా ఉత్తరాన ఒక రేవు పట్టణంలోని పడవల మడుగుల్లో బయటపడింది. అక్కడి ప్రభుత్వం ఆ మడుగులను వెంటనే మూసి, క్లోరిన్, మైలుతుత్తం పోసి, కొన్ని వారాల్లో మొత్తం తుడిచిపెట్టింది. లోపల ఇతర ప్రాణులూ చచ్చాయి. అయినా సముద్రంలోకి వచ్చిన పరాయి జాతిని పూర్తిగా తీసెయ్యగలిగిన బహు కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ పట్టణం పేరు చెప్పలేదు కదూ, డార్విన్. ఆ ఎనిమిదేళ్ల బార్నకిల్స్ పెద్దమనిషి పేరు మీదే పెట్టారు. ఆస్ట్రేలియా వాళ్లు తొలి నెలల్లోనే పట్టుకున్నారు కాబట్టి గెలిచారు. విశాఖలో ఆ అవకాశం ఎప్పుడో చెయ్యి దాటింది.

ఓడల వాళ్ల యుద్ధం ఇంకా పాతది. అడుగున బార్నకిల్స్ దట్టంగా పడితే ఓడ అదే వేగంతో పోవడానికి 86 శాతం దాకా అదనపు శక్తి కావలసి రావచ్చని నౌకా ఇంజనీర్ల లెక్క. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారమ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు కొట్టి చూసింది. ప్రాణులు పట్టలేదు. కానీ రాగికీ ఇనుప మేకులకూ ఉప్పునీళ్లలో పొసగక మేకులు తుప్పుపట్టి కరిగిపోయాయి. 20వ శతాబ్దంలో తగరం కలిసిన టీబీటీ అనే రంగు వచ్చింది. అద్భుతంగా పనిచేసింది. అంతే అద్భుతంగా నష్టం చేసింది. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం దెబ్బతింది. ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. 2008 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఓడలకు దాన్ని నిషేధించారు. ఇప్పుడు రాగి రంగులు వాడుతున్నారు. చంపకుండా జారిపోయేలా చేసే సిలికోన్ పూతలూ వచ్చాయి. నాకైతే ఈ రెండో దారే మంచిదనిపిస్తుంది. అతికే విద్య తెలిస్తే జార్చే విద్య తెలుస్తుంది, సముద్రంలో విషం కలపక్కర్లేదు.

అందరూ శాశ్వతంగా అతుక్కోరు. నక్షత్ర చేపకు వందలాది చిన్న గొట్టపు కాళ్లుంటాయి. అవి రాతిని పీల్చి పట్టుకుంటాయని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. నిజానికి అక్కడ పనిచేసేది జిగురే. దాని కాళ్లలో రెండు రకాల గ్రంథులున్నాయి, ఒకటి జిగురు వదిలేది, రెండోది ఊడదీసేది. అడుగు తీసేటప్పుడు రెండోది పనిచేస్తుంది, జిగురు రాతి మీదే ఉండిపోతుంది. ఈ ఊడదీసే మందు రహస్యం పూర్తిగా చేతికి చిక్కితే ఆసుపత్రిలో కట్టు విప్పేటప్పుడు పిల్లలు ఏడవరు. సముద్ర దోసకాయల్లో కొన్ని జాతులు శత్రువు మీదికి వెనక భాగం నుంచి జిగురు గొట్టాలు విసురుతాయి. తగిలిన కొన్ని సెకన్లలో పీత కాళ్లు ముడిపడిపోతాయి. కాలిఫోర్నియా తీరంలో ఇసుక గూళ్లు కట్టే పురుగు ఒక్కొక్క రేణువును ఏరి, రెండు చుక్కల సిమెంటు పెట్టి అతికిస్తుంది. అరనిమిషంలో పట్టేస్తుంది. ధన ఆవేశం ఉన్న ప్రోటీన్లు, రుణ ఆవేశం ఉన్న ప్రోటీన్లు కలిసి నీళ్లలో కరగని చిక్కటి ద్రవంగా విడిపోవడం దాని కిటుకు. యూటా విశ్వవిద్యాలయంలో రస్సెల్ స్టూవర్ట్ దీని మీద చాలాకాలం పనిచేశారు.

సరే, ఇవన్నీ చూసి మనం ఏం నేర్చుకున్నాం? ‘ఆలిచిప్ప జిగురుతో ఇక కుట్లు అక్కర్లేదు’ అన్న వార్త నలభై ఏళ్లుగా కొన్నాళ్లకోసారి పత్రికల్లో వస్తూనే ఉంది. ఆలిచిప్పల నుంచే నేరుగా జిగురు తీద్దామంటే ఒక గ్రాముకు పదివేల ఆలిచిప్పలు కావాలని అంచనా. అలా తీసింది ప్రయోగశాలల్లో కణాలను గాజుకు అతికించుకోవడానికి పనికొచ్చింది, అంతే. పెద్ద విజయం వచ్చింది ఆపరేషన్ గదిలో కాదు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలో. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కలప శాస్త్రం చెప్పే కైచాంగ్ లీ సముద్రపు ఒడ్డున అలలకు చెక్కుచెదరని ఆలిచిప్పలను చూసి, ఆ ప్రోటీన్ పనితీరును చవగ్గా దొరికే సోయా ప్రోటీన్‌కు నేర్పాడు. ప్లైవుడ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో తేల్చింది. సోయా జిగురులో దాని అవసరం లేదు. 2007లో ఆ పనికి అమెరికా ప్రభుత్వపు హరిత రసాయన శాస్త్ర పురస్కారం వచ్చింది. ఆలిచిప్పను అనుకరించడానికి ఆలిచిప్ప అక్కర్లేదని చూపించాడు కాబట్టే ఆయన పని మార్కెట్ దాకా వెళ్లిందని నా అభిప్రాయం.

వైద్యంలో నాకు ఆశ కలిగించింది బార్నకిల్. రక్తం కారే అవయవం మీద జిగురు వెయ్యడమూ నీళ్లలో రాయికి అతకడమూ ఒకే సమస్య. 2021లో ఎంఐటీ పరిశోధకులు ఒక ముద్ద తయారు చేశారు. అందులో నూనె, నూనెలో జిగురు రేణువులు. గాయం మీద నొక్కితే నూనె రక్తాన్ని పక్కకు నెడుతుంది, రేణువులు కణజాలాన్ని పట్టుకుంటాయి. ఎలుకల్లో, పందుల్లో పదిహేను సెకన్లలో రక్తం ఆగింది. సైప్రిడ్ పిల్ల రాతి మీద చేసేది సరిగ్గా ఇదే, ముందు కొవ్వు, తర్వాత ప్రోటీన్. మనుషుల మీద పరీక్షలు దాటి మందుల షాపు చేరడం వేరే కథ. కానీ ఆలోచన గట్టిది.

అయితే ఈ గురువులకే కష్టకాలం వస్తోంది. గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి నీళ్ల క్షారగుణాన్ని తగ్గిస్తోంది. ఆలిచిప్ప జిగురు గట్టిపడేది ఆ క్షారగుణంతోనే అని ఇందాక చెప్పాను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎమిలీ కారింగ్టన్ బృందం 2013లో ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉన్న నీళ్లలో ఆలిచిప్పలను ఉంచి చూసింది. దారాల పట్టు 40 శాతం దాకా తగ్గింది. ఆ స్థాయి నేటి సముద్రపు సగటు కన్నా చాలా ఎక్కువే, కానీ కొన్ని తీరాల్లో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంది.

చివరగా శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఉన్న శ్రోతలకు ఒక మాట. చలికాలం చివర్లో మన ఇసుక ఒడ్డులకు గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. కొన్నిటి డిప్ప మీద బార్నకిల్స్ ఉంటాయి. తాబేళ్ల మీదే బతికే జాతి ఒకటుంది. మిగతావాటిలా కాకుండా అది ఏడాదిలో కొన్ని సెంటీమీటర్లు నెమ్మదిగా జరగగలదని ఈమధ్య తేలింది. తాబేలుకు భారంగా ఉందని జాలిపడి కత్తితోనో రాతితోనో వాటిని ఊడబెరకకండి. ఆ జిగురు పట్టు గట్టిది. పెంకుతో పాటు డిప్ప పొర కూడా చిట్లి వస్తుంది, గాయం అవుతుంది, చీము పడుతుంది. నాలుగైదు పెంకులతో తాబేలుకు వచ్చే ఇబ్బంది పెద్దగా ఉండదు. ఒంటి నిండా పట్టి ఉంటే మాత్రం అది అప్పటికే నీరసించి, ఈదలేని స్థితిలో ఉందని గుర్తు. అలాంటిది కనిపిస్తే నీళ్లలోకి తోసెయ్యకుండా, నీడ పట్టించి, దగ్గరలోని అటవీ శాఖ వాళ్లకు కబురు చెయ్యండి.